నడిచి చూసిన లెక్క, చల్లి చూసిన లెక్క

2004 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. 2008 ఫిబ్రవరిలో ‘నేచర్’లో ఇంకొకటి వచ్చింది. రెండూ నాలుగేసి పేజీలే. మొదటి వ్యాసంలో ముందున్న పేరు కార్లీ స్టీవెన్స్. అప్పటికి ఆమె బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిని. ఇప్పుడు లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. రెండోదాన్ని రాసినవాళ్లు క్రిస్టఫర్ క్లార్క్, డేవిడ్ టిల్మన్. టిల్మన్ అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో పేరుమోసిన పర్యావరణ శాస్త్రవేత్త, క్లార్క్ ఆయన దగ్గర పరిశోధన చేసినవాడు. రెండు వ్యాసాలకూ ప్రశ్న ఒకటే. గాలిలోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నేల మీదికి దిగే నత్రజని, గడ్డిభూముల్లోని మొక్కల జాతులను తగ్గిస్తోందా? జవాబూ ఒకటే: తగ్గిస్తోంది.

జవాబు ఒకటే అయినప్పుడు పోల్చడానికి ఏముంది అనిపించవచ్చు. ఒకే కథను ఇద్దరు కవులు చెప్పినప్పుడు కథ ఎటూ తెలిసిందే కనుక విమర్శకుడి కన్ను కథ నడిపిన తీరు మీదికి పోతుంది. ఇక్కడా అంతే. ఒకరు దేశమంతా తిరిగి, అప్పటికే జరిగిపోయిన నష్టాన్ని లెక్కపెట్టారు. ఇంకొకరు తమ మడిలో తామే నత్రజని చల్లి, ఏం జరుగుతుందో చూస్తూ 23 ఏళ్లు ఆగారు. ఈ రెండు తీరులూ ఎక్కడ ఒకదానికొకటి బలమిచ్చాయో, ఎక్కడ కలిసినట్టు కనిపిస్తూనే విడిపోయాయో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు విషయం గురించి రెండు మాటలు. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే అయినా ఆ రూపంలో అది మొక్కకు అందదు. 1913లో జర్మనీలోని ఒపావులో హేబర్-బాష్ పద్ధతిలో అమ్మోనియా తయారీ మొదలయ్యాక మనిషి దాన్ని మొక్కకు అందే రూపంలోకి టన్నులకొద్దీ మార్చగలిగాడు. పొలంలో వేసినదంతా పైరు తినదు. కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది. పశువుల పేడ, మూత్రాల నుంచి ఇంకొంత లేస్తుంది. వాహనాలు, విద్యుత్ కేంద్రాలు, ఫ్యాక్టరీల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. ఇవన్నీ గాలిలో ప్రయాణించి, వానతో కలిసో పొడిగానో, ఎవరూ ఏ ఎరువూ వేయని కొండవాలు మీద కూడా దిగుతాయి.

ఎంత దిగుతాయన్నది మన రైతుల లెక్కలో చెప్పుకుంటే బాగా బోధపడుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. ఎకరానికి ఒక బస్తా వేస్తే హెక్టారుకు దాదాపు 51 కిలోల నత్రజని వేసినట్టు. స్టీవెన్స్ చూసిన బ్రిటన్ గడ్డిభూముల మీద గాలి నుంచి పడుతున్నది హెక్టారుకు ఏడాదికి 5 నుంచి 35 కిలోలు. అంటే తక్కువ పడేచోట ఎకరానికి బస్తాలో పదో వంతు, ఎక్కువ పడేచోట కూడా ముప్పాతిక బస్తాకు లోపే. వరికి ఒక్క పంటలోనే రెండు మూడు బస్తాలు వేసే మన కంటికి ఇది చిల్లర. రెండు వ్యాసాలూ మాట్లాడేది ఈ చిల్లర గురించే.

స్టీవెన్స్ బృందం గ్రేట్ బ్రిటన్‌లో 68 చోట్ల ఒకే రకం గడ్డిభూమిని ఎంచుకుంది. పల్చటి ఆమ్ల నేల, పొట్టిగా మేసిన గడ్డి, తిరుగుతుండే గొర్రెలు. పోషకాలు తక్కువ కావడం వల్లనే అక్కడ చాలా జాతులు ఒద్దికగా బతుకుతాయి; బలిసే వీలు ఎవరికీ లేదు కనుక ఎవరూ ఎవరినీ తొక్కేయరు. ఒక్కో చోట రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న చతురస్రాలు ఐదు వేసి, వాటిలో ఉన్న ప్రతి జాతినీ నమోదు చేశారు. రెండు మంచాలు పట్టేంత చోటు అది. అందులో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని వేళ్లతో విడదీస్తూ, పువ్వు లేనప్పుడు ఆకు చూసి పేరు చెప్పగలిగే చదువు కావాలి. ఈ పనికి యంత్రం లేదు.

ఆ పేర్ల సంఖ్యను ఆ చోట పడుతున్న నత్రజనికి ఎదురుగా గుర్తిస్తే చుక్కలన్నీ కిందికి దిగే గీత చుట్టూ చేరాయి. హెక్టారుకు ఏడాదికి రెండున్నర కిలోల నత్రజని పెరిగిన చోటల్లా చతురస్రంలో ఒక జాతి తక్కువ. మన లెక్కలో ఎకరానికి రెండు కిలోల పైచిలుకు యూరియా. మధ్య ఐరోపాలో సగటున పడే 17 కిలోల దగ్గర, అతి తక్కువ నత్రజని పడే చోట్లతో పోలిస్తే, జాతులు 23 శాతం తక్కువ. వానపాతం, ఎత్తు, నేల పీహెచ్ లాంటి ఇరవై దాకా అంశాలను లెక్కలోకి తీసుకున్నా, తేడాలో సగానికి పైగా వివరించగలిగింది నత్రజని ఒక్కటే. పోతున్నవాటిలో సన్నని కాడ చివర నీలం గంటలా వేలాడే హేర్‌బెల్ ఉంది. హెదర్ పొదలు ఉన్నాయి. మన ఇసబ్గోల్ ప్రజాతికే చెందిన రిబ్‌వర్ట్ ప్లాంటైన్ ఉంది. తక్కువ తిండితో బతకడం నేర్చుకున్న మొక్కలే ముందు పోతున్నాయి.

ఈ వ్యాసంలో నన్ను ఆకట్టుకునేది దాని తెగువ. అప్పటిదాకా ఈ రంగంలో ఎక్కువ పని మడుల్లో ఎరువు చల్లి చూసే పద్ధతిలోనే సాగింది, అదీ చాలాసార్లు గాలి నుంచి ఎన్నడూ పడనంత మోతాదులతో. ఆ ఫలితాలు చూపి ఎవరైనా హెచ్చరిస్తే, ‘బయట అంత పడదుగా’ అని తప్పించుకునే వీలుండేది. స్టీవెన్స్ ఆ వీలు లేకుండా చేసింది. బయట పడుతున్నదాన్నే, పడుతున్న చోటే కొలిచింది.

తెగువ ఉన్నచోట సందు కూడా ఉంటుంది. మొదటిది, ఇది సహసంబంధమే. నత్రజని ఎక్కువ పడే చోట ఒకప్పుడు బొగ్గు పొగ నుంచి గంధకం కూడా ఎక్కువే పడింది. గంధకమూ నేలను ఆమ్లం చేస్తుంది. ఈ రెంటి పాపాన్ని పూర్తిగా విడదీయడం సర్వేకు కష్టం. రెండోది, జాతుల సంఖ్య చేత్తో లెక్కపెట్టినది. నత్రజని మాత్రం దేశవ్యాప్త కొలతలను నమూనాలతో విస్తరించి గీసిన పటాల నుంచి తీసుకున్నది. ఒక అక్షం మీద ఉన్నంత కచ్చితత్వం ఇంకో అక్షం మీద లేదు. మూడోది అన్నిటికంటే పెద్దది. వేర్వేరు చోట్లను పక్కపక్కన పెట్టి, అది కాలక్రమంలో జరిగిన మార్పు అని చదవడం. ఇవాళ నత్రజని ఎక్కువగా ఉన్న కొండ మీద వందేళ్ల కిందట కూడా జాతులు తక్కువే ఉండి ఉంటే?

సరిగ్గా ఈ మూడు సందులూ క్లార్క్, టిల్మన్‌ల పనిలో లేవు. మినియాపొలిస్ నగరానికి ఉత్తరాన సీడార్ క్రీక్ అనే పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడిది ఇసుక నేల, సహజంగానే నత్రజనికి పేద. అక్కడ 1982లో టిల్మన్ నాలుగు మీటర్ల చతురస్రపు మడులు కట్టి, అమ్మోనియం నైట్రేట్ చల్లడం మొదలుపెట్టాడు. అతి తక్కువ మోతాదు హెక్టారుకు 10 కిలోల నత్రజని, అతి ఎక్కువ 270 కిలోల పైన. ఏ మడికి ఏ మోతాదు అన్నది చీటీ వేసినట్టు నిర్ణయం. పక్కనే ఏమీ చల్లని మడులు. కారణం ఏమిటన్న అనుమానానికి చోటే లేదు. చేయి మనదే, చల్లింది మనమే.

2008 వ్యాసం ఆ మడుల్లో అతి తక్కువ మోతాదు మీద చూపు నిలిపింది. అక్కడ గాలి నుంచి ఎటూ 6 కిలోలు పడుతోంది. దాని మీద ఇంకో 10 కిలోలు, అంటే ఎకరానికి తొమ్మిది కిలోల యూరియా పాటి నత్రజని, ఏటా వేస్తూపోతే, రెండు దశాబ్దాల పైచిలుకు కాలంలో జాతులు 17 శాతం తగ్గాయి. అరుదుగా ఉన్నవే ఎక్కువగా పోయాయి. పెద్ద మోతాదుల మడుల్లోనైతే స్థానికమైన లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి వెనక్కి తగ్గి, ఐరోపా నుంచి వచ్చిన క్వాక్‌గ్రాస్ మడినంతా కమ్ముకుంది. అలాంటి మడి చూపుకు మునుపటి కంటే పచ్చగా, ఒత్తుగా ఉంటుంది. మోసం అక్కడే.

ఈ మడులకు ఒక పాత తగాదా కూడా ఉంది. చెప్పుకోకుండా దాటేస్తే టిల్మన్ మీద విమర్శ సగమే అవుతుంది. 1988లో అక్కడ గట్టి కరువు వచ్చింది. జాతులు ఎక్కువున్న మడులు కరువును బాగా తట్టుకున్నాయనీ, తక్కువున్నవి బాగా దెబ్బతిన్నాయనీ టిల్మన్, డౌనింగ్ 1994లో ‘నేచర్’లో రాశారు. వైవిధ్యమే స్థిరత్వం అనే వాదానికి అది పెద్ద ఊతమయింది. మైకేల్ హస్టన్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1997లో అడ్డుపడ్డాడు. ఆ మడుల్లో జాతులు తగ్గింది నత్రజని వేయడం వల్లే కదా. కరువులో అవి దెబ్బతిన్నది జాతులు లేక కాదేమో, నత్రజనితో వచ్చిన వేరే మార్పుల వల్లనేమో అన్నాడు. ప్రయోగంలో కనిపించకుండా దాగిన ఇంకో ప్రయోగం ఉందని అతని ఆరోపణ. అందులో పస ఉంది. చేయి మనదే అయినా ఒక్క చల్లుతో ఎన్ని మారుతున్నాయో అన్నీ మన లెక్కలో ఉండవు.

ఇప్పుడు రెండింటినీ దగ్గరకు చేర్చి చూద్దాం. స్టీవెన్స్ లెక్కలో 5 కిలోల చోటుకూ 17 కిలోల చోటుకూ తేడా 12; నష్టం 23 శాతం. క్లార్క్, టిల్మన్ లెక్కలో తేడా 10. నష్టం 17 శాతం. కిలోకు ఇంత అని భాగిస్తే రెండూ రెండు శాతానికి అటూ ఇటూ. ఒకటి తడి కొండల గొర్రెల బీడు, రెండోది ఖండం నడిబొడ్డున చలికి వణికి ఎండకు మాడే ఇసుక ప్రెయిరీ. మొక్కలు వేరు, నేల వేరు, పద్ధతి వేరు. అంకె మాత్రం పక్కపక్కనే కూర్చుంది. చాలామంది ఇక్కడ ఆగి, ఒకదాన్ని ఒకటి రుజువు చేశాయని రాసేస్తారు.

నాకు అంత తొందర లేదు. ఎందుకంటే ఆ అంకెకు చేరిన దారులు వేరు. నత్రజని జాతుల్ని పోగొట్టే మార్గాలు ముఖ్యంగా రెండు. ఒకటి వెలుతురు: తిండి దొరికిన పొడుగు గడ్డి ఎదిగి, కింద ఉన్నవాటికి ఎండ తగలనివ్వదు. 2009లో హోటియే, నిక్లాస్, హెక్టర్ అనే ముగ్గురు దీన్ని అందంగా తేల్చారు. ఎరువు వేసిన గడ్డి కింద దీపాలు పెట్టి కింది మొక్కలకు వెలుతురు అందిస్తే, ఎరువు వేసినా జాతులు పోలేదు. రెండో మార్గం ఆమ్లత: అమ్మోనియం నేలలో నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, పీహెచ్ పడిపోతుంది, అల్యూమినియం కరిగి వేళ్లకు విషమవుతుంది.

సీడార్ క్రీక్ మడుల్లో నత్రజని ఒక్కటే కొరతగా మిగలాలని భాస్వరం, పొటాష్, కాల్షియం వగైరా కూడా వేశారు. కాల్షియం పడ్డ నేలలో ఆమ్లత పెరుగుదల కొంత అణిగిపోతుంది. అక్కడ మేసే గొర్రెలు లేవు. పెరిగిన గడ్డి ఎండి అక్కడే పేరుకుంటుంది, కింద చీకటి చిక్కబడుతుంది. అంటే అది ప్రధానంగా వెలుతురు కథ. స్టీవెన్స్ గడ్డిభూముల్లో గొర్రెలు గడ్డిని పొట్టిగా ఉంచుతాయి, వెలుతురుకు కొరత తక్కువ. నేల మాత్రం ముందే ఆమ్లం, ఇంకా ఆమ్లమవుతోంది. అక్కడ నేల కథకే బరువెక్కువ. ఈ తేడా చూశాక అంకెల పొందికను రుజువు అనడం కంటే హెచ్చరిక అనడం నయం. ఒక దారి మూసినా రెండో దారిలో నష్టం అంతే జరుగుతోంది.

ఇంకో తేడా చల్లే తీరులో ఉంది. సీడార్ క్రీక్‌లో ఏడాది మోతాదును రెండు విడతలుగా గుళికల రూపంలో చల్లేవారు. బ్రిటన్ కొండల మీద అదే నత్రజని ఏడాది పొడుగునా చినుకుల్లో, మంచులో, పొడి గాలిలో దిగుతుంది. అమ్మోనియా వాయువైతే ఆకునే తాకుతుంది. గుళిక చల్లడం గాలికి నకలు మాత్రమే. ప్రయోగకారులకు ఇది తెలియక కాదు. ఇంతకంటే దగ్గరి నకలు చేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక నా దృష్టిలో ఈ పోలికలో అసలు విషయం గీత ఆకారం. స్టీవెన్స్ 2004లో గీసింది సరళరేఖ. దాని అర్థం, ప్రతి రెండున్నర కిలోలూ ఒకే నష్టం చేస్తాయని. 5 నుంచి ఏడున్నరకు పెరిగినా ఒక జాతి, 30 నుంచి ముప్పై రెండున్నరకు పెరిగినా ఒక జాతి. క్లార్క్, టిల్మన్ చూసింది ఇది కాదు. కిలోకు ఇంత అని లెక్కేస్తే తక్కువ మోతాదుల్లోనే నష్టం ఎక్కువ. మోతాదు పెరిగేకొద్దీ పోవడానికి మిగిలిన జాతులే తక్కువ. గీత మొదట్లో నిట్టనిలువుగా పడి, తర్వాత చదునవుతుంది.

ఇది గణితం వాళ్ల ముచ్చట అనుకుంటే పొరపాటు. సరళరేఖను నమ్మితే కాలుష్యం ఎక్కడ తగ్గించినా ఒకటే లాభం. అప్పుడు తగ్గించడానికి ఎక్కువ ఉన్న 35 కిలోల చోట తగ్గించడమే అందరూ మెచ్చే పని. వంపు గీతను నమ్మితే, ఇంకా శుభ్రంగా ఉన్న చోటుకు కొత్తగా చేరే మొదటి కిలోలే అన్నిటికంటే ఖరీదైనవి. దేశంలో మారుమూల మిగిలిన 5 కిలోల కొండ పక్కన కొత్త కోళ్ల ఫారానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు రెండు గీతలూ రెండు జవాబులు చెబుతాయి. అంతేకాదు, వంపు గీత నిజమైతే స్టీవెన్స్ తనకు తెలియకుండానే నష్టాన్ని తక్కువగా చూపింది. బ్రిటన్‌లో ఆమెకు దొరికిన అతి శుభ్రమైన చోటే 5 కిలోలది. దానికి ముందు పడిన కిలోలు తీసుకుపోయిన జాతులు ఆమె చతురస్రంలోకి వచ్చే అవకాశమే లేదు. ఇదే దోషం సీడార్ క్రీక్‌కూ వర్తిస్తుంది. అక్కడ ‘ఏమీ చల్లని’ మడి మీద కూడా ఏటా 6 కిలోలు పడుతూనే ఉంది.

స్టీవెన్స్ ఈ ప్రశ్నను వదిలేయలేదు. ఐరోపా అట్లాంటిక్ తీరం వెంబడి 153 ఆమ్ల గడ్డిభూములను చూసి 2010లో ఇంకో వ్యాసం వెలువరించింది. ఈసారి నత్రజని వ్యాప్తి 2 నుంచి 44 కిలోలు. శుభ్రమైన చోట్లు లెక్కలోకి రాగానే గీత వంగింది. నష్టం ఎక్కువగా జరుగుతున్నది తక్కువ మోతాదుల దగ్గరే అని ఆమె బృందమే రాసింది. మినసోటా మడి చెప్పిన మాటను ఐరోపా తీరం ఒప్పుకుంది. తన పేరు నిలబెట్టిన సరళరేఖను తానే వంచడానికి వెనుకాడని ఈ గుణం వల్ల స్టీవెన్స్ పని మీద నాకు గౌరవం పెరిగింది.

చోట్లను పోల్చి కాలం గురించి మాట్లాడటమనే మూడో అభ్యంతరానికి జవాబు అదే ఏడాది సెసీలియా డ్యుప్రే ముందుండి రాసిన వ్యాసంలో దొరికింది. స్టీవెన్స్ కూడా అందులో భాగస్వామి. బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్‌లలో గత 70 ఏళ్లలో వృక్షశాస్త్రజ్ఞులు రాసిపెట్టుకున్న పాత నమోదులను తిరగేస్తే, నత్రజని పేరుకున్నకొద్దీ జాతులు తగ్గిన వైనం కాలక్రమంలోనే కనిపించింది. ఆ పాత నోట్సు రాసినవాళ్లలో చాలామందికి నత్రజని కాలుష్యం అన్న ఆలోచనే వచ్చి ఉండదు. ఇక్కడ ఏమేం మొలిచాయో రాసుకున్నారు, అంతే.

పోయినవి తిరిగి వస్తాయా? ఇక్కడ సర్వేకు నోరు లేదు. నత్రజని ఆపితే ఏమవుతుందో తెలియాలంటే ఎవరో ఒకరు ఆపి చూడాలి. క్లార్క్, టిల్మన్‌ల దగ్గర అదీ ఉంది. కొన్ని మడులకు పదేళ్లు చల్లి ఆపేస్తే, 13 ఏళ్లకు జాతుల సంఖ్య మామూలు మడుల స్థాయికి చేరుకుంది. ఏది ఎంత ఉండాలన్న పాత పొందిక మాత్రం రాలేదు. ఆశ కలిగించే ఈ మాటకు అదే క్షేత్రం నుంచి 2013లో గండి పడింది. ఫారెస్ట్ ఇస్బెల్ బృందం, టిల్మన్ కూడా అందులో ఉన్నాడు, పెద్ద మోతాదులు పడ్డ మడులు ఎరువు ఆపిన రెండు దశాబ్దాలకు కూడా కోలుకోలేదని చూపింది. ఒకసారి కమ్ముకున్న గడ్డి తన ఎండుటాకుల మందంతో కొత్త విత్తనాన్ని మొలవనివ్వదు.

దీనికి ఎదురుసాక్షి ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్. అక్కడ లాస్, గిల్బర్ట్ 1856లో మొదలుపెట్టిన పార్క్ గ్రాస్ ప్రయోగం నేటికీ నడుస్తోంది. ఏమీ వేయని మడుల్లో దాదాపు 40 జాతులు. అమ్మోనియం సల్ఫేట్ దండిగా వేసి సున్నం వేయని మడుల్లో రెండు మూడు. ఎరువుల వ్యాపారి అయిన లాస్‌కు కావలసింది ఎండుగడ్డి దిగుబడి. జాతుల లెక్క వెంట వచ్చిన లాభం. గాలి శుభ్రపడ్డాక, కొన్ని మడుల్లో ఎరువు ఆపాక, అక్కడ జాతులు తిరిగి పుంజుకున్నాయని జొనాథన్ స్టోర్కీ బృందం 2015లో రాసింది. రెంటికీ తేడా ఎక్కడ? రోథమ్‌స్టెడ్‌లో ఏటా గడ్డి కోసి బయటికి మోసుకుపోతారు. దానితో నత్రజనీ పోతుంది, కింద వెలుతురూ పడుతుంది. సీడార్ క్రీక్‌లో ఆ కోత లేదు. కోలుకోవడం కొడవలి మీద కూడా ఆధారపడి ఉందన్నమాట.

రెంటిలో ఏది గొప్పది అని నిలదీస్తే నా మొగ్గు స్టీవెన్స్ వైపే. కారణం ఏమిటన్నది తేల్చడంలో క్లార్క్, టిల్మన్‌లకు సాటి లేదు. గీత ఆకారాన్ని ముందు పట్టుకున్నదీ వాళ్లే. కానీ ప్రయోగం తాను మొదలైన రోజు నుంచే చూస్తుంది, తాను కట్టిన మడి మేరకే చూస్తుంది. సీడార్ క్రీక్ లేకపోయినా పార్క్ గ్రాస్ ఉంది, ఇంకా చాలా మడులు ఉన్నాయి. దేశం మొత్తానికి ఇప్పటికే ఏం జరిగిపోయిందో చెప్పే పని మాత్రం ఆ 68 చోట్లకు ముందు ఇంత సూటిగా ఎవరూ చేయలేదు. ఐరోపాలో ఒక్కో రకం భూమి ఎంత నత్రజనిని తట్టుకోగలదో ప్రభుత్వాలకు చెప్పే పరిమితులు తర్వాతి సవరణల్లో కిందికి దిగడానికి ఇలాంటి సర్వేల సాక్ష్యం గట్టిగా పనికొచ్చింది.

పోటీ అనుకున్నది చివరికి పొత్తుగా మారింది. 2016లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో ఆ దేశవ్యాప్తంగా 15,000 పైచిలుకు చోట్ల జరిగిన పరిశీలన వచ్చింది. నాలుగో వంతు చోట్లలో నత్రజని వల్ల జాతులు పోయే ప్రమాదం ఉందనీ, ఆమ్ల నేలల్లో ఆ ప్రమాదం ఎక్కువనీ అది తేల్చింది. దాని రచయితల జాబితాలో క్లార్క్ ఉన్నాడు, స్టీవెన్స్ కూడా ఉంది. మడిలో చల్లినవాడు సర్వేకు దిగాడు. స్టీవెన్సేమో, పలు ఖండాల్లో ఒకే పద్ధతిలో ఎరువు చల్లి చూసే న్యూట్రియంట్ నెట్‌వర్క్ ప్రయోగంలో చేరింది.

ఈ అంకెల్ని మన దగ్గరకు అలాగే తెచ్చి అతికించకూడదు. రెండున్నర కిలోలకు ఒక జాతి అన్నది బ్రిటన్ ఆమ్ల నేలల సూత్రం. రాయలసీమ ఎర్రనేలకూ తెలంగాణ నల్లరేగడికీ అది పని చేస్తుందని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మన బీళ్ల కథలో ఎండ, మేత, నిప్పు వేరేగా పని చేస్తాయి. అలాగని ఈ ప్రశ్న మనకు పట్టనిది కాదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందపు 11వ అంతర్జాతీయ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. 2022లో మాంట్రియల్‌లో ఆ ఒప్పందంలోని దేశాలు ఒప్పుకున్న లక్ష్యాల్లో, వృథాగా పోయే పోషకాలను 2030 నాటికి సగానికి తగ్గించడం ఒకటి. మన చర్చ మాత్రం ఇంకా బస్తా ధర, కొరత, సబ్సిడీల చుట్టూనే తిరుగుతోంది. చేనిలోంచి ఎగిరిపోయినది ఎక్కడ దిగిందన్న ప్రశ్న ఆ చర్చలోకి వచ్చేది అరుదు.

వృక్షశాస్త్రం చెప్పే మన కళాశాలల్లోని అధ్యాపకులకు ఒక విన్నపం. బట్టమేక పిట్ట కోసం కాపాడిన నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిభూమి కావచ్చు, మీ ఊరి పక్కన ఎన్నడూ నాగలి పడని గుట్ట కావచ్చు. ఏటా వానలు వెనకబట్టాక విద్యార్థులతో వెళ్లి రెండు మీటర్ల చతురస్రాలు ఐదు వేయండి. ఏమేం మొలిచాయో పేరుపేరునా రాయండి. చోటు గుర్తులు, తేదీ, నేల పీహెచ్ దానికి చేర్చి, ఆ నోట్సును శాఖ గ్రంథాలయంలో భద్రపరచండి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే జవాబు వెతకడానికి వాళ్లకు అదే ఆధారం.